గోడౌన్ మారింది, కాగితం మారలేదు

డబ్లిన్ శివార్లలో ఒక పెద్ద గోడౌన్ ఉందనుకుందాం. వెనకవైపు చిన్న గది. అందులో లావుపాటి ఎర్ర గొట్టం, దానికో చక్రం వాల్వు, పక్కనే బిగించిన పలక. పలక మీద రాత సాదాగా ఉంటుంది: ప్రమాద తరగతి ఓహెచ్3, నిమిషానికి 5 మిల్లీమీటర్లు, 216 చదరపు మీటర్లు, ఫలానా గేజ్ దగ్గర ఇంత ఒత్తిడి, ఇంత ప్రవాహం. ఆ గదిలోకి వచ్చేవాళ్ళే తక్కువ, వచ్చినవాళ్ళలో పలక చదివేవాళ్ళు మరీ అరుదు. కానీ గోడౌన్‌లో ఏ రాత్రో నిప్పు పుడితే అది ఒక వరస పెట్టెలతో ఆగుతుందా, పైకప్పుని కూల్చేదాకా పోతుందా అన్నది ఆ అంకెలు ఇవాళ్టికీ నిజమేనా అన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఆ అంకెల అర్థం తెలియాలంటే ముందు స్ప్రింక్లర్ ఎలా పనిచేస్తుందో చూడాలి. సినిమాల్లో హీరో లైటర్ వెలిగించి పైకి చూపిస్తే భవనమంతా ఒకేసారి వాన కురుస్తుంది. మామూలు ఆఫీసుల్లో, షాపుల్లో, గోడౌన్లలో ఉండే వ్యవస్థ అలా పనిచెయ్యదు. పైకప్పు కింద ఒక్కో స్ప్రింక్లర్ తలలో వేలి కణుపంత కూడా లేని గాజు గొట్టం ఉంటుంది. దాని నిండా ఒక ద్రవం, ఆ ద్రవంలో చిన్న గాలి బుడగ. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది, బుడగ మాయమవుతుంది, ఇక చోటు లేక గాజు పగులుతుంది. గాజు ఆనుకుని ఉన్న మూత ఊడిపోయి నీళ్ళు చిమ్ముతాయి. ద్రవం రంగు చూసి ఏ వేడికి పగులుతుందో చెప్పవచ్చు: ఎరుపు 68 డిగ్రీలకి, పసుపు 79కి, ఆకుపచ్చ 93కి. పొగకీ దీనికీ సంబంధం లేదు. ఏ తల దగ్గర వేడి చేరితే ఆ తలే తెరుచుకుంటుంది, పక్కది మూసుకునే ఉంటుంది.

కాబట్టి డిజైన్ చేసే ఇంజనీరు భవనం మొత్తానికి నీళ్ళు లెక్కెయ్యడు. నిప్పు మొదలైన చోట ఎంత మేర తలలు పగులుతాయో ఊహించి అంతవరకే లెక్కేస్తాడు. పలక మీది 216 చదరపు మీటర్లు ఆ ఊహే. ఈ తరగతిలో ఒక్కో తల గరిష్ఠంగా 12 చదరపు మీటర్లు కాపాడుతుంది కాబట్టి ఏకకాలంలో తెరుచుకునేవి 18 తలలు. నిమిషానికి 5 మిల్లీమీటర్లంటే ప్రతి చదరపు మీటరు మీదా నిమిషానికి 5 లీటర్లు. 216ని 5తో గుణిస్తే నిమిషానికి 1,080 లీటర్లు. ఈ తరగతికి గంటసేపు నీళ్ళు ఉండాలి. అంటే కనీసం 64,800 లీటర్లు. ట్యాంకు, పంపు, గొట్టాల లావు అన్నీ ఈ లెక్క నుంచే పుడతాయి. ఐర్లండ్‌లో ఈ లెక్కలకి ఆధారం ఐ.ఎస్. ఈఎన్ 12845 అనే ప్రమాణం. యూరప్ ప్రమాణాన్నే ఐర్లండ్ తన పేరుతో తీసుకుంది. అంతకుముందు కట్టిన భవనాల్లో బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5306, ఇంకా పాతవాటిలో ఇన్సూరెన్స్ కంపెనీల ఫైర్ ఆఫీసెస్ కమిటీ నిబంధనలు కనిపిస్తాయి.

ఇప్పుడు గోడౌన్‌లోకి వద్దాం. కట్టిన రోజున అందులో అట్టపెట్టెల్లో ఇనుప సామాను ఉండేదనుకోండి. ప్రమాణం సరుకుని మండే గుణాన్ని బట్టి నాలుగు రకాలుగా విడదీస్తుంది. ఓహెచ్3 తరగతిలో, నేల మీద ఒకదానిపై ఒకటి పేర్చే పద్ధతిలో, మొదటి రకం సరుకుని 4 మీటర్ల ఎత్తు దాకా పెట్టవచ్చు. రెండో రకమైతే 3 మీటర్లు. మూడో రకానికి 2.1 మీటర్లు. ఫోమ్ ప్లాస్టిక్ లాంటి నాలుగో రకానికి 1.2 మీటర్లు, మన నడుము కంటే కొంచెం ఎత్తు, అంతే. ఐదేళ్ళ తర్వాత అద్దెకున్న కంపెనీ మారింది. కొత్తవాళ్ళు ఆన్‌లైన్ సరుకు పెట్టారు: ఫోమ్ పరుపులు, ప్లాస్టిక్ బొమ్మలు, థర్మోకోల్ మధ్య టీవీలు. నేల మీది పేర్పు చాలక ర్యాకులు బిగించారు. సరుకు ఎత్తు 4 మీటర్ల దగ్గరే ఉంది, ఒక్క అంగుళం పెరగలేదు. చూసేవాళ్ళకి ఏమీ మారినట్టు అనిపించదు.

కానీ లెక్క మొత్తం మారిపోయింది. అది ఇప్పుడు అధిక ప్రమాద నిల్వ తరగతి. ఉదాహరణకి అక్కడ నిమిషానికి 12.5 మిల్లీమీటర్లు, 260 చదరపు మీటర్ల మేర, 90 నిమిషాల పాటు కావలసి వచ్చిందనుకోండి. నిమిషానికి 3,250 లీటర్లు, మొత్తం 2,92,500 లీటర్లు. ఉన్న ట్యాంకు అందులో నాలుగో వంతు కూడా లేదు. నిప్పు పుట్టగానే తలలు పగులుతాయి, నీళ్ళు వస్తాయి, కానీ మంట వాటికంటే జోరుగా పైకి లేస్తుంది. వేడి పక్కకి పాకి 18 తలలు కాస్తా 30 అవుతాయి, 40 అవుతాయి. ఉన్న నీటినే అన్నీ పంచుకోవాలి కాబట్టి ఒక్కోదాని దగ్గర ఒత్తిడి పడిపోతుంది. పలచబడిన చినుకులు పైకి ఎగసే వేడిగాలిని చీల్చుకుని నిప్పు మొదలు దాకా దిగలేవు. చిన్నపిల్లకి రాసిన మందు చీటీ పట్టుకుని పెద్దవాడికి వైద్యం చేసినట్టే.

ఇందులో అసలు విచిత్రం ఏమిటంటే, స్ప్రింక్లర్‌ని ఎవరూ పాడు చెయ్యలేదు. మూడు నెలలకోసారి వచ్చే మెయింటెనెన్స్ మనిషి పంపు ఆడుతోందని, వాల్వు తెరిచే ఉందని, గంట మోగిందని రాసి సంతకం పెడతాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. యంత్రం పనిచేస్తోందా అన్న ప్రశ్నకి ఆ కాగితం జవాబు చెబుతుంది. యంత్రం సరిపోతుందా అన్న ప్రశ్నకి జవాబు వేరే ఫైల్లో, డిజైన్ ఆధారాల్లో ఉంటుంది. ఆ ఫైలు చాలా భవనాల్లో కట్టిన రోజున కట్టేసిందే. ప్రమాణం దీన్ని ముందే పసిగట్టింది. మూడు నెలల తనిఖీలో మొట్టమొదట చూడమన్నది గొట్టాన్ని కాదు, ప్రమాద తరగతిని: భవనంలో, వాడకంలో, సరుకు పేర్చే తీరులో, హీటింగులో, లైట్లలో ఏదైనా మారిందా? నా అభిప్రాయంలో ఆ ప్రమాణంలోకెల్లా విలువైన వాక్యం అదే. ‘మార్పు లేదు’ అని అలవాటుగా టిక్కు కొట్టేసేదీ దాన్నే.

ఆఫీసుల్లో ఇదే కథ చిన్న రూపంలో జరుగుతుంది. డబ్లిన్ డాక్‌లాండ్స్‌లో పనిచేసే మన ఐటీ పిల్లలకి ఇది బాగా తెలుసు. రెండేళ్ళకోసారి ఆఫీసు రూపం మారుతుంది, కొత్త గాజు మీటింగ్ రూములు వస్తాయి, పాత హాలు ముక్కలవుతుంది. ఒక్కో ముక్క మీదా తల ఉందా, ఉన్న తలకి గోడ అడ్డొచ్చిందా అన్నది డ్రాయింగ్‌లో మళ్ళీ గీస్తే గాని తేలదు. మార్చేటప్పుడు పాత తల తీసి కొత్తది పెడతారు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, తేడా లోహం మీద కొట్టిన అంకెలో ఉంటుంది. దాన్ని కె-విలువ అంటారు. తల నుంచి నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తాయో కావాలంటే బార్‌లలో ఉన్న ఒత్తిడికి వర్గమూలం తీసి కె-విలువతో గుణించాలి. 12 చదరపు మీటర్ల మీద 5 మిల్లీమీటర్లు కురవాలంటే నిమిషానికి 60 లీటర్లు రావాలి. కె80 తలకి 0.56 బార్ ఒత్తిడి దగ్గర ఆ 60 వస్తాయి. అదే చోట పొరపాటున కె57 బిగిస్తే అదే ఒత్తిడికి 43 లీటర్లే వస్తాయి. నాలుగో వంతుకి పైగా నీళ్ళు తగ్గాయి, బయటికి ఏ గుర్తూ లేదు. యాజ్-బిల్ట్ డ్రాయింగ్, అంటే కట్టింది కట్టినట్టు గీసిన పటం, తలల జాబితాతో సహా చేతిలో ఉంటేనే ఎవరైనా దాన్ని పట్టుకోగలరు.

ఐర్లండ్‌లో ఈ కాగితాల వెనక చట్టం ఉంది, చట్టం పక్కనే ఒక పెద్ద విషాదమూ ఉంది. 1981 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున ఉత్తర డబ్లిన్‌లోని ఆర్టేన్‌లో స్టార్‌డస్ట్ అనే నైట్‌క్లబ్ కాలిపోయింది. వాలెంటైన్స్ డే డిస్కోకి వచ్చిన పిల్లల్లో 48 మంది చనిపోయారు. ఆ భవనం మొదట ఆహార పదార్థాల ఫ్యాక్టరీ. 1978లో దాన్ని వినోద కేంద్రంగా మార్చారు. గోడలకి కార్పెట్ టైల్స్ అతికించారు, సీట్లలో పాలీయూరిథేన్ ఫోమ్ పెట్టారు. బయటికి పోయే దారుల్లో కొన్నింటికి తాళాలు, గొలుసులు ఉన్నాయి.

మరుసటి సంవత్సరం విడుదలైన విచారణ నివేదికలో ‘బహుశా ఎవరో కావాలని నిప్పు పెట్టి ఉంటారు’ అనే అర్థం వచ్చే నిర్ధారణ ఒకటి ఉంది. దానికి సాక్ష్యం లేదు. ఆ మాట 2009లో పార్లమెంటు రికార్డుల నుంచి తొలగేదాకా, బిడ్డలు పోయిన కుటుంబాలు ఆ అనుమానం కింద బతికాయి. మళ్ళీ జరిగిన ఇన్‌క్వెస్ట్‌లో 2024 ఏప్రిల్ 18న జ్యూరీ 48 మరణాలనూ చట్టవిరుద్ధ హత్యలుగా నిర్ణయించింది. మెయిన్ బార్‌లోని హాట్ ప్రెస్‌లో, అంటే వేడినీళ్ళ ట్యాంకు ఉండే అరలో, కరెంటు లోపం వల్ల నిప్పు మొదలైందని, కార్పెట్ టైల్స్, సీట్ల ఫోమ్, పైకప్పు ఎత్తు అది పాకడానికి తోడయ్యాయని చెప్పింది. ఐదు రోజులకి అప్పటి ప్రధానమంత్రి సైమన్ హారిస్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. తప్పుడు రాత ఎంతకాలం బతుకుతుందో ఐర్లండ్‌కి ఎవరూ వేరే నేర్పనక్కర్లేదు.

అదే 1981లో ఫైర్ సర్వీసెస్ చట్టం వచ్చింది, 2003లో దాన్ని సవరించారు. దాని 18(2) సెక్షన్ భవనం ‘తన అదుపులో ఉన్న వ్యక్తి’ మీద బాధ్యత పెడుతుంది. నిప్పు పుట్టకుండా చూడాలి, తగిన రక్షణ ఏర్పాట్లు చెయ్యాలి, ఆ ఏర్పాట్లు ‘అన్ని వేళలా’ అమల్లో ఉండాలి. ఈ చివరి మాటే కాగితాలకి ప్రాణం. నిన్న ఉన్నాయి, వచ్చే వారం బాగుచేస్తాం అంటే కుదరదు. మరి అన్ని వేళలా ఉన్నాయని దేనితో రుజువు చేస్తారు? రికార్డుతోనే. 22వ సెక్షన్ కింద అధికారి వచ్చి అడిగితే చూపించాల్సిందీ అదే. భవనం ‘తన అదుపులో ఉన్న వ్యక్తి’ ఒక్కరే కానక్కర్లేదన్న సంగతి చాలామంది గమనించరు. షాపింగ్ సెంటర్లో పంపు యజమాని చేతిలో ఉంటుంది, సరుకు అద్దెదారు చేతిలో ఉంటుంది. డిజైన్ ఫైలు ఒకరి దగ్గర, ర్యాకుల ఆర్డర్ ఇంకొకరి దగ్గర. రెండు ఫైళ్ళూ ఒక బల్ల మీదికి రాకపోతే పైన చెప్పిన గోడౌన్ కథే మళ్ళీ జరుగుతుంది.

1992 జూన్ 1 నుంచి ఐర్లండ్‌లో కొత్త వాణిజ్య భవనం కట్టాలన్నా, ఉన్నదాని వాడకాన్ని గణనీయంగా మార్చాలన్నా ఫైర్ సేఫ్టీ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఇక్కడొక అపోహ ఉంది. ఆ సర్టిఫికెట్ డిజైన్‌కి ఇచ్చే ఆమోదం మాత్రమే, భవనం అలాగే కట్టారని అది చెప్పదు. డిజైన్‌లో స్ప్రింక్లర్ ఉంటే మార్గదర్శకాలు కొన్ని సడలింపులు ఇస్తాయి. అగ్నిని ఆపే గోడల మధ్య ఇంకా విశాలమైన హాలు కట్టుకోవచ్చు. అంటే, స్ప్రింక్లర్ ఉందన్న మాట మీద కట్టకుండా వదిలేసిన గోడలు ఆ భవనంలో ఉన్నాయి. లేని గోడ ఎవరి కంటికీ కనిపించదు. స్ప్రింక్లర్ పాడైతే ఏం పోతుందో చెప్పేది ఆ సర్టిఫికెట్ ఫైలు ఒక్కటే. దాన్ని పోగొట్టుకున్న యజమాని తన భవనం ఏ షరతు మీద నిలబడిందో మరిచిపోయినట్టే.

కట్టింది డిజైన్ ప్రకారమేనా అన్న ప్రశ్నని ఐర్లండ్ చాలాకాలం గాలికి వదిలేసింది. పైపైన చూసి ‘నా అభిప్రాయంలో నిబంధనలకి లోబడి ఉంది’ అని రాసిచ్చే ఉత్తరాలు చెల్లిపోయేవి. 2011 అక్టోబర్‌లో డబ్లిన్ డొనమీడ్‌లోని ప్రయరీ హాల్ అపార్ట్‌మెంట్లను, అగ్ని ప్రమాదం ముంచుకొచ్చే స్థితిలో ఉన్నాయని, హైకోర్టు ఆదేశంతో ఖాళీ చేయించారు. ఆ దెబ్బతో 2014 మార్చి 1 నుంచి కొత్త నిబంధనలు అమలయ్యాయి. ఎసైన్డ్ సర్టిఫయర్ అనే నియమిత నిపుణుడు పని జరుగుతున్నప్పుడే తనిఖీ చేసి, పూర్తయ్యాక కంప్లీషన్ సర్టిఫికెట్ మీద సంతకం చెయ్యాలి. స్ప్రింక్లర్ బిగించిన కంపెనీ తన వంతు ధ్రువపత్రం ఆయనకి ఇవ్వాలి. 2013 నిర్మాణ భద్రతా నిబంధనల కింద సేఫ్టీ ఫైల్ ఒకటి తయారై యజమానికి చేరాలి, భవనం అమ్మితే కొన్నవాళ్ళకి అందాలి. ఫైర్ సేఫ్టీ సర్టిఫికెట్ లేకుండా పని మొదలెట్టేసినవాళ్ళకి రెగ్యులరైజేషన్ సర్టిఫికెట్ అనే దారి కూడా ఉంది, కానీ అది తప్పు ఒప్పుకుని నడిచే దారి.

ఇదంతా భవనం పుట్టుక గురించి. రోజువారీ జీవితం లాగ్‌బుక్‌లో ఉంటుంది. వారానికోసారి, ఏడు రోజులు దాటకుండా, గేజ్‌లన్నీ చదివి రాయాలి. ట్యాంకు మట్టం చూడాలి. ప్రధాన వాల్వులు తెరిచి, పట్టీతో కట్టి తాళం వేసి ఉన్నాయో లేదో చూడాలి. నీటి ఉరవడితో మోగే గంటని కనీసం 30 సెకన్లు మోగించాలి. పంపు తనంతట తాను అందుకుంటోందో లేదో, డీజిల్ ఇంజనైతే నూనె ఒత్తిడి ఎంతో చూడాలి. నెలకి బ్యాటరీలు, ఆరు నెలలకి అగ్నిమాపక దళానికి వెళ్ళే అలారం, ఏడాదికి పంపు పూర్తి ప్రవాహ పరీక్ష, మూడేళ్ళకి వాల్వుల లోపలి తనిఖీ, పదేళ్ళకి ట్యాంకు ఖాళీ చేసి కడగడం.

దొంగ లాగ్‌బుక్‌ని పట్టడం కష్టమేమీ కాదు. అలారం వాల్వు పైన ఉండే గేజ్‌ని ‘సి’ గేజ్ అంటారు. గొట్టాల్లో చిక్కుకున్న నీరు ఎండకి వేడెక్కితే దాని ముల్లు పైకి జరుగుతుంది, చలికి దిగుతుంది. ఊరి నీటి ఒత్తిడి కూడా పగలూ రాత్రీ ఒకటే ఉండదు. కాబట్టి నిజంగా చదివిన అంకెలు కాస్త అటూ ఇటూ ఊగుతాయి. 52 వారాలూ దశాంశంతో సహా ఒకే అంకె, ఒకే సిరా, ఒకే వంపు సంతకం కనిపిస్తే ఆ పుస్తకం ఒక్క సాయంత్రం కూర్చుని రాసిందని అనుమానించవచ్చు. భవనం మూతపడి ఉన్న క్రిస్మస్ రోజున కూడా సంతకం ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. లాగ్‌బుక్ ఖాళీగా ఉంటే కనీసం ఎవరో ఒకరు కంగారుపడతారు. నిండుగా ఉన్న అబద్ధపు లాగ్‌బుక్ అందరినీ నిద్రపుచ్చుతుంది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదమని నన్నడిగితే రెండోదే అంటాను.

వాల్వు విషయం కొంచెం విడిగా చెప్పుకోవాలి. అమెరికాలోని అగ్ని రక్షణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ ఏళ్ళ తరబడి సేకరించిన సమాచారం ప్రకారం, స్ప్రింక్లర్ పనిచేయాల్సిన అగ్నిప్రమాదాల్లో దాదాపు పదింట తొమ్మిదిసార్లు అది తెరుచుకుని పని చేసింది. తెరుచుకోని సందర్భాల్లో సగానికి పైగా కారణం ఒక్కటే: ఎవరో ముందే దాన్ని ఆపేసి ఉంచారు. తుప్పు, తయారీ లోపం లాంటివి చాలా వెనకబడ్డాయి. గొట్టం మార్చాలని శుక్రవారం సాయంత్రం వాల్వు మూస్తారు, పని ఆలస్యమవుతుంది, మూసినవాడు ఇంటికి పోతాడు, సోమవారం వచ్చేవాడికి సంగతి తెలియదు. దీనికి మందు ఒక చిన్న కాగితమే. ఏ వాల్వు, ఎవరు, ఎప్పుడు మూశారు, ఎప్పటికి తెరవాలి, అప్పటిదాకా కాపలా ఎవరు తిరుగుతారు, ఇన్సూరెన్స్ కంపెనీకి, అగ్నిమాపక దళానికి చెప్పారా, చివరికి తెరిచి గంట మోగించి చూసిందెవరు. ఆఖరి గడి నిండేదాకా ఆ కాగితం బల్ల మీద నుంచి ఫైల్లోకి పోకూడదు.

ఐర్లండ్ వాతావరణం కూడా కాగితాల్లోకి వస్తుంది. అక్కడ చలికాలం మరీ కఠినమైనది కాదు, అందుకే మరపు ఎక్కువ. 2010 డిసెంబర్ 25న మేయో జిల్లాలోని స్ట్రేడ్‌లో ఉష్ణోగ్రత మైనస్ 17.5 డిగ్రీలకి పడిపోయింది. వేడి లేని లోడింగ్ బే మీద, కారు పార్కింగ్ మీద పోయే గొట్టంలో నీళ్ళు గడ్డకడితే పగిలేది గొట్టమో తలో. కాబట్టి అలాంటి చోట చలికాలం గొట్టాల్లో గాలి నింపి, వేసవిలో నీళ్ళు నింపే పద్ధతి ఉంది. గొట్టానికి కరెంటు వేడి తీగ చుట్టే పద్ధతీ ఉంది. ఏ గొట్టం ఏ పద్ధతిలో ఉంది, ఎప్పుడు మార్చారు అన్నది రాసి ఉండకపోతే మొదటి మంచు రాత్రే తెలుస్తుంది. 2013 శరదృతువు చివర బాలిమోర్ యూస్టేస్ నీటి శుద్ధి కేంద్రంలో తేడా వచ్చి డబ్లిన్‌లో కొన్ని రాత్రులు నీటి సరఫరా తగ్గించారు. ఊరి గొట్టం మీదే నేరుగా ఆధారపడ్డ వ్యవస్థకి డిజైన్ రోజున కొలిచిన ఒత్తిడి శాశ్వతం కాదని అది గుర్తు చేసింది. ప్రతి ఏటి నీటి పరీక్ష అంకెల్ని మొదటి రోజు అంకెల పక్కన పెట్టి చూడాలి. విడిగా చూస్తే ప్రతి ఏడూ బాగానే ఉంటుంది, వరసగా చూస్తే జారుడు కనిపిస్తుంది.

ఇప్పుడు వయసు సంగతి. 25 ఏళ్ళు నిండిన వ్యవస్థలో గొట్టాలు కడిగి, ఒత్తిడి పెట్టి, కొంత ముక్క కోసి లోపల తుప్పు చూడాలని, కొన్ని తలలు విప్పి ప్రయోగశాలలో పరీక్షించాలని ప్రమాణం చెబుతుంది. ఐర్లండ్‌లో దీనికో ప్రత్యేకత ఉంది. కెల్టిక్ టైగర్ అని పిలుచుకునే ఆర్థిక జోరులో, 1990ల మధ్య నుంచి 2007 దాకా, అక్కడ ఎన్నడూ లేనంత నిర్మాణం జరిగింది. బ్లాంచర్డ్స్‌టౌన్ సెంటర్ 1996లో, లిఫీ వ్యాలీ 1998లో, డండ్రమ్ టౌన్ సెంటర్ 2005లో తెరిచారు. ఆ తరం గోడౌన్లు, ఆఫీసులు, హోటళ్ళు ఇప్పుడు ఒక్కొక్కటిగా 25 దాటుతున్నాయి. ఈలోగా 2008 పతనంలో ఎన్నో భవనాలు కట్టినవాళ్ళ చేతుల నుంచి బ్యాంకులకి, బ్యాంకుల నుంచి విదేశీ ఫండ్లకి మారాయి. అమ్మకం జరిగిన ప్రతిసారీ పెట్టెల్లోని ఫైళ్ళలో కొన్ని రాలిపోతాయి. ఒక భాగం 1998లో, పొడిగింపు 2003లో, కొత్త అంతస్తు 2006లో వచ్చి ఉంటే 25 ఏళ్ళని ఎక్కడ నుంచి లెక్కపెడతారు? గొట్టం తన పుట్టినరోజు తాను చెప్పదు.

కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే సమస్య తీరుతుందనేవాళ్ళున్నారు. సగం నిజం. భవనం అప్పగించేటప్పుడు ఓ అండ్ ఎమ్ మాన్యువల్ పేరుతో వేల పేజీల పీడీఎఫ్‌లు ఇస్తారు. పంపు తయారీదారు కేటలాగ్ అంతా ఉంటుంది, ఈ భవనానికి బిగించిన పంపు ఏదో మాత్రం వెతుక్కోవాలి. ఒకే డ్రాయింగ్ మెయింటెనెన్స్ కంపెనీ దగ్గర రివిజన్ బి, యజమాని దగ్గర రివిజన్ సి, ఇన్సూరెన్స్ ఫైల్లో రివిజన్ ఎ. లండన్‌లో 72 మందిని బలితీసుకున్న గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం తర్వాత భవన నిబంధనల్ని సమీక్షించిన జూడిత్ హాకిట్ 2018 నివేదికలో ‘బంగారు దారం’ అనే భావాన్ని ముందుకు తెచ్చారు. డిజైన్ నుంచి కూల్చివేత దాకా భవనం సమాచారం ఒకే దారంగా తెగకుండా సాగాలన్నది దాని సారం. దారానికి బంగారం కంటే ముందు ఒక యజమాని కావాలి. ఫలానా ఫైలు ఎవరిదని అడిగితే ఒక మనిషి పేరు చెప్పగలగాలి, డిపార్ట్‌మెంట్ పేరు కాదు. ఏడాదికోసారి ఆ మనిషి డ్రాయింగ్ చేతబట్టుకుని, తల పైకెత్తి, భవనమంతా నడవాలి. కాగితం, పైకప్పు రెండూ కలవని చోట పైకప్పే నిజం.

మన ఊళ్ళలో ఈ మాటలు చదివేవాళ్ళకి రెండు సంఘటనలు గుర్తుకు రాక మానవు. 2020 ఆగస్ట్ 9న విజయవాడ స్వర్ణ ప్యాలెస్‌లో 10 మంది చనిపోయారు. హోటల్‌గా కట్టిన భవనాన్ని అప్పుడు కోవిడ్ కేంద్రంగా వాడుతున్నారు. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన హోటల్ ఉన్న భవనంలో 8 మంది ప్రాణాలు పోయాయి. రెండుచోట్లా ఒకటే ప్రశ్న మిగిలింది: ఈ భవనంలో ఈ పని జరుగుతోందని అగ్ని భద్రత కాగితాల్లో ఎక్కడైనా ఉందా? మన దగ్గర అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ చేతికొస్తే పెళ్ళయిపోయిందన్నట్టు ఫ్రేము కట్టి రిసెప్షన్‌లో తగిలిస్తాం. భవనం వాడకం మారిన రోజున దాన్ని గోడ మీంచి దించాలన్న సంగతి ఎవరికీ తట్టదు.

ఐర్లండ్ ప్రభుత్వం 2023లో భవన యజమానులకీ నిర్వాహకులకీ ఒక అగ్ని భద్రత మార్గదర్శిని విడుదల చేసింది. అగ్ని భద్రత రిజిస్టర్ ఉంచుకోమని, అందులో పరీక్షలు, శిక్షణ, మరమ్మతులు రాయమని అది చెబుతుంది. అక్కడికి పొట్ట చేతపట్టుకుని వెళ్ళి చిన్న కిరాణా గోడౌనో, రెస్టారెంటో, వేర్‌హౌస్ మేనేజర్ ఉద్యోగమో చూసుకుంటున్న తెలుగువాళ్ళకి ఒక్క మనవి. ర్యాకులు ఎత్తు పెంచే ముందు, కొత్త రకం సరుకు దించే ముందు, గది మధ్య గోడ కట్టే ముందు వాల్వు గదిలోకి వెళ్ళి పలక చదవండి. అందులోని తరగతి మీ సరుకుకి చాలుతుందా అని యజమానికి రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చేదాకా ర్యాకుల ఆర్డర్ ఆపండి. వచ్చిన జవాబుని లాగ్‌బుక్ పక్కన ఫైల్లో పెట్టండి.